ఎర్ర గుర్తు పడిన పుస్తకాలు

సుబోధానందకు ఒకటే దిగులు. కాలం ఎంత మారినా తను చూసుకునే ఆశ్రమ పాఠశాల గ్రంథాలయం మాత్రం దుమ్ము కొట్టుకుని అలాగే పడి ఉందని. గురువుగారు అచలానందస్వామిని నెల రోజులు బతిమాలి ఒక కంప్యూటరు తెప్పించాడు. పుస్తకాలన్నిటికీ అంకెలు అతికించాడు, పిల్లలకు కార్డులిచ్చాడు. ఇక చూడాలి అతని హుషారు, కాళ్లు నేల మీద ఆనలేదంటే నమ్మండి.

ఏడాది తిరిగింది. ఆ ఏడాదిలో ఎవరూ ఇంటికి తీసుకెళ్లని ప్రతి పుస్తకానికీ కంప్యూటరు ఎర్ర గుర్తు పెట్టింది. మూడు వందల పైచిలుకు తేలాయి. వాటిని తీసేసి, ఆ చోట ట్యాబుల కోసం బల్లలు వేయిద్దామనుకున్నాడు సుబోధానంద. పుస్తకాలను పురికొసతో కట్టలు కట్టించి, పాత కాగితాలు కొనే మస్తాన్‌కు కబురు పెట్టాడు.

మధ్యాహ్నం మస్తాన్ ట్రాలీ ఆటో తెచ్చాడు. కట్టలన్నీ ఎక్కించాక గురువుగారు కర్ర ఊతంతో నెమ్మదిగా వచ్చారు.

"ఇవన్నీ ఎందుకు పంపేస్తున్నావు నాయనా?"

"ఎవరికీ పనికిరానివి స్వామీ. కంప్యూటరు లెక్క తప్పదు."

"నా పేరు కొట్టి చూడు. నేనెన్ని తీసుకున్నానో."

సుబోధానంద లోపలికెళ్లి కొట్టి చూశాడు. బయటికొచ్చి కాస్త నసిగాడు. "ఒక్కటీ లేదు స్వామీ."

"ఓహో," అన్నారు గురువుగారు. కర్ర మస్తాన్ చేతికిచ్చి, ట్రాలీ పట్టుకుని పైకెక్కారు. కట్టల మధ్య చోటు చేసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"పోనీ మస్తాన్," అన్నారు.

కిటికీల దగ్గర పిల్లలు కిసుక్కున నవ్వారు. మస్తాన్ బిక్కమొహం వేశాడు. సుబోధానంద చెవులు ఎర్రబడ్డాయి.

"దిగండి స్వామీ, పిల్లలు చూస్తున్నారు. మీరు రోజూ ఇక్కడే కూర్చుని చదువుతారని నాకు తెలియదా?"

"నీకు తెలుసు. దానికి తెలియదుగా."

అప్పుడు చూశాడు సుబోధానంద, ట్రాలీ పక్కన వంటమనిషి చెంగమ్మ నిలబడి ఉండడం. ఆవిడ చేయి ఒక కట్ట మీద ఉంది.

"సామీ, మేకపిల్ల పుస్తకం ఒక్కటి ఉంచుతారా? సగమే అయుండాది. మేకపిల్ల ఏటవతల చిక్కుకున్న కాడ ఆపినా."

"నువ్వెప్పుడు చదివావమ్మా? నీ పేరు మీద ఏమీ లేదే!" అన్నాడు సుబోధానంద.

"తమరు అన్నం తిని నడుం వాల్చే పొద్దులో వస్తా సామీ. కార్డు పిలకాయలకే గదా. అందుకని బీరువా కాడనే నిలబడి చదువుకుంటా ఉండా. అక్షరాలు కూడబలుక్కునేదానికి నాకు పేజీకి రెండు రోజులు పడతాది."

కార్డు పిల్లలకే అన్నది తనే. కార్డులిచ్చిన మొదటి వారంలో చెంగమ్మ గుమ్మం దగ్గర కొంగుకు చేతులు తుడుచుకుంటూ ఏదో అడగబోయింది. తను తలైనా ఎత్తలేదు. 'విద్యార్థులకే' అనేసి పనిలో పడిపోయాడు. ఇప్పుడు ఆవిడ ముఖంలో కోపమైనా లేదు. అది చూశాక అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయినట్టయింది.

కట్టలు దింపి, నేల మీద కూర్చుని ముడులు విప్పసాగాడు. మొదటి కట్టలో లేదు. రెండో దాంట్లో లేదు. పిల్లలు నవ్వడం మానేసి చూస్తున్నారు. పురికొస గీసుకుని వేళ్లు మంటపుట్టాయి. తొమ్మిదో కట్టలో దొరికింది, అట్ట ఊడిపోయిన పల్చటి పుస్తకం. సగం దాకా పేజీల అంచులకు పసుపు వేళ్ల గుర్తులున్నాయి.

చెంగమ్మ దాన్ని రెండు చేతులా అందుకుంది. లోపలికెళ్లి, బీరువాకు చేరగిలబడి, వేలితో అక్షరాలు పట్టుకుంటూ పెదవులు కదపసాగింది.

గురువుగారు ట్రాలీ దిగి వచ్చారు. సుబోధానంద తల పైకి లేవలేదు.

"ఆ కంప్యూటరు రేపే తీసేస్తాను స్వామీ," అన్నాడు.

"అదేం చేసింది పాపం, నువ్వు చెప్పిందే చేసింది. దాన్నుండనీ," అన్నారు గురువుగారు. "ముందు ఆమెకో కుర్చీ వెయ్యి."