ఒంటిచేత్తో వేసుకునే బూట్లు

సువార్త ఇంతవరకూ ఎవరి ముందూ నోరు విప్పి అనని మాట ఒకటుంది. తన చెల్లెలు ఓడిపోయి తిరిగొస్తే బాగుండునని ఆమె కోరుకుంటోంది.

జబ్బు చెయ్యాలనో, ప్రమాదం జరగాలనో కాదు. అంత పాపిష్టిది కాదు సువార్త. ఏదో ఒక చిన్నపని చేతగాకో, హాస్టలు తిండి సయించకో, చదువు బుర్రకెక్కకో, ఒక్కసారి అటు నుంచి గొంతు వణికితే చాలు, రైలెక్కి వెళ్లిపోయి దాని తలని ఒళ్లో పెట్టుకుందామని ఆమె ఆశ. తల్లి పోయేనాటికి చెల్లెలు కెజియాకి జడ వేసుకోవడం కూడా రాదు. ఆ జడలు వేసింది, పుస్తకాలకు అట్టలు వేసింది, తన బడి మానుకుని దాన్ని బడికి తోలింది సువార్తే. ఇప్పుడు కెజియా విశాఖపట్నంలో నర్సింగు చదువుతోంది. మొదట్లో రోజూ ఫోను చేసేది. తర్వాత ఆదివారాలు చేసేది. అట్లాంటి ఒక ఆదివారం సువార్త ఆపకుండా ప్రశ్నలు వేస్తుంటే, "నేను చూసుకుంటాలే అక్కా, ఊరికే బెంగ పెట్టుకోమాక" అంది. అందులో విసుగు కూడా పెద్దగా లేదు. కానీ ఆనాటి నుంచి సువార్త ఫోను చెయ్యలేదు. కెజియా చేస్తే ఎత్తలేదు. అవసరం పడితే అదే మళ్లీ మళ్లీ చేస్తుందిలే అని చూసింది. కొన్నాళ్లకి అటు నుంచి ఫోన్లు ఆగిపోయాయి.

సువార్త పని నేర్చుకుంటున్నది చిలకలూరిపేటలో ఇశ్రాయేలు మేస్త్రి దగ్గర. కాలో చెయ్యో సరిగా లేని పిల్లలకు బూట్లు కుట్టే షెడ్డు ఆయనది. మేస్త్రికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా జవాబు చెప్పడు, పని చెప్తాడు. తోలు ఎందుకిలా బిగుసుకుపోయిందని అడిగితే తడిగుడ్డ చేతికిస్తాడు. వాన ఎప్పుడొస్తుందని అడిగితే రేకుల మీద చిల్లులు పూడ్చిరమ్మంటాడు. అందువల్ల షెడ్డులో ఎవరూ ఆయన్ని ఊరికే ప్రశ్నలడగరు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం సువార్త అడిగింది. అడగాలని అనుకోలేదు, నోటివెంట వచ్చేసింది.

"మేస్త్రిగారూ, మన చేతుల మీద పెరిగినవాళ్లకి మనతో పని తీరిపోతే, ఆ తర్వాత మనం వాళ్లకి ఏమవుతాం?"

మేస్త్రి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఆమెని ఒకసారి చూశాడు. బల్ల కింది నుంచి ఒక చిన్న నల్లబూట్ల జత తీసి ఆమె ముందు పెట్టాడు. పక్కన ఒక పేలదువ్వెన పెట్టాడు.

"ముందు ఈ దూది తియ్యి," అన్నాడు.

అవి సైదాబీ బూట్లు. పరుపులు కుట్టే నాగూర్ కూతురది. తల్లి లేదు. ఎడమచెయ్యి పుట్టుకతోనే మణికట్టు దగ్గర ముడుచుకుపోయింది. లేసులు కట్టుకోవడానికి రెండు చేతులు కావాలి గనక మేస్త్రి ఆ పిల్లకి పట్టీ బూట్లు కుట్టాడు. పట్టీకి ఒకవైపు గరుకుగా ఉంటుంది, బూటు మీద మెత్తగా ఉంటుంది. నొక్కితే అంటుకుంటుంది, లాగితే చర్రున ఊడుతుంది. షెడ్డులో దాన్ని చర్రుపట్టీ అనేవాళ్లు. ఒంటిచేత్తో హాయిగా వేసుకోవచ్చు. కానీ గరుకువైపు దూది పట్టిందా, ఇంక అంటుకోదు.

సైదాబీకి ఆ బూట్లు బడికి పోవడానికే కాదు. గుంటూరు అవతల ఒక హాస్టలు బడిలో ఆ పిల్లకి సీటిస్తామన్నారు. ఒక్కటే షరతు. తన పనులు తనే చేసుకోవాలి, బూట్లతో సహా. బడి తెరిచే రోజున వార్డెనమ్మ ఎదుట వేసుకుని చూపించాలి. చూపించలేకపోతే ఆ సీటు ఇంకో పిల్లకి పోతుంది.

సాయంత్రానికి నాగూర్ వచ్చాడు. మనిషి ఒళ్లంతా, కనుబొమ్మలతో సహా, దూది.

"ఏం నాగూరూ, ముసలాడివైపోయావే పొద్దుటికీ సాయంత్రానికీ!" అన్నాడు మేస్త్రి.

"నువ్వు తోలు రంగులో పుట్టి తోలు రంగులోనే ఉన్నావు, నీకేం బాబాయ్. నేను పొద్దున నల్లోణ్ణి, రాత్రికి తెల్లోణ్ణి," అని నవ్వాడు నాగూర్. తర్వాత బూట్లు అందుకుని తల తిప్పుకున్నాడు. "ఇవి మా ఇంట్లో నిలవ్వులే. గాలంతా దూదేనాయె. పట్టీ అంటుకోక రోజూ నేనే ఇంత పురికొస చుట్టి బయటికి పంపిస్తన్నా."

బూట్లు బల్ల మీదే పెట్టి అతను పోయాక సువార్త ఉత్సాహంగా లేచింది. ఒక చిక్కు దొరికితే చాలు, దాన్ని విప్పేదాకా ఊరుకోదు ఆమె. "దూది పట్టనిది పెడదాం మేస్త్రిగారూ. ఎలాస్టిక్ తాడు! ముందే ముడేసి ఉంచితే కాలు దూర్చటమే," అంది. మేస్త్రి కానిమ్మన్నట్టు తలూపాడు. సువార్త కూర్చుని ఎలాస్టిక్ తాళ్లు ఎక్కించింది. తన చెయ్యి ఒకటి ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తోనే వేసి చూసుకుంది. పసిపిల్ల కూడా వేసుకోగలదు. అంత తేలిక.

వారం తిరక్కుండా నాగూర్ మళ్లీ వచ్చాడు.

"తెగిందమ్మాయ్. మా పిల్ల కాలు పొగరుబోతు కాలు," అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు సగంలో ఆగింది.

సువార్త కొత్త తాడు కోసం డబ్బా మూత తీస్తుంటే మేస్త్రి తెగిన తాడు ఆమె అరచేతిలో పెట్టాడు. "చూడు," అన్నాడు. అంతే అన్నాడు.

చూసింది. ఎలాస్టిక్ తనంతట తను తెగితే లోపలి రబ్బరు పోగులు వెంట్రుకల్లా బయటికొస్తాయి. ఈ తాడు కొస నున్నగా ఉంది. బ్లేడుతో కోసినట్టు, ఒక్క గీత. అప్పుడు ఆ పేలదువ్వెనకి వచ్చిన దూది గుర్తొచ్చిందామెకి. గాలికి వాలిన దూది పైపైన ఉంటుంది. అది అట్లా లేదు. బొటనవేలితో అదిమి కూరినట్టుంది. దువ్వెన పళ్లు వంగాయి దాన్ని తియ్యడానికి.

"ఆయనే చేస్తన్నాడు!" అంది సువార్త. "కన్నకూతురి కాళ్లకి అడ్డం పడతన్నాడు. మీకు తెలుసా?"

మేస్త్రి సూదికి దారం ఎక్కిస్తున్నాడు.

"తెలిసి కూడా బాగుచేసి పంపిస్తన్నారా? అడగొచ్చు గదా మొహం మీద!"

"ఇంకోటి పెట్టు," అన్నాడు మేస్త్రి.

ఈసారి సువార్త కోపంతో కుట్టింది. బూటు పక్కగా జిప్పు పెట్టి, దాని కొసకి వేలు దూరేంత రింగు తగిలించింది. రింగు లాగితే బూటు బిగుస్తుంది. దూది పట్టదు, బ్లేడుకి లొంగదు. ఒక బూటు అయ్యేసరికి బడులు తెరిచే రోజులు దగ్గరికొచ్చాయి. కొలత చూడాలని కబురు పెడితే నాగూర్ పిల్లని తీసుకొచ్చి వదిలి, పక్క వీధిలో పరుపు ఇచ్చిరావడానికి వెళ్లాడు.

సైదాబీ ముక్కాలిపీట మీద కూర్చుంది. ఒక కాలికి పాత కాన్వాసు బూటు, దానికి నాగూర్ చుట్టిన పురికొస. రెండో కాలు ఖాళీ. సువార్త జిప్పుబూటుకి చివరి కుట్లు వేసి తలెత్తేసరికి పురికొస ఊడి ఉంది. పిల్ల వంగి, ఒక కొసని ఖాళీ కాలి బొటనవేలి కింద తొక్కిపెట్టి, రెండో కొసని కుడిచేతి వేళ్ల మధ్య గిర్రున తిప్పి, బిగించి ముడేసేసింది. రెప్పపాటులో అయిపోయింది.

సువార్త సూది ఆగిపోయింది.

"నీకు కట్టుకోవటం వచ్చా?"

"బళ్లో వచ్చు. ఇంట్లో రాదు."

"అదేంటే?"

"ఇంట్లో నాయన కడతాడు." పిల్ల గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "చెప్పమాక అక్కా. మొన్న గౌను గుండీలు నేనే పెట్టుకున్నా. ఆ పూట అన్నం తినలా. ఊరికే దూది ఏకతా కూచున్నాడు."

"తాడు ఎవరు కోశారో తెలుసా నీకు?"

సైదాబీ తలవంచుకుని పురికొసని వేలితో మీటింది. "ఆయన కోస్తుంటే నేను నిద్రపోయినట్టు పడుకున్నా," అంది.

"మరి హాస్టలు?"

"ఆ బళ్లో బొమ్మలేయటం నేర్పుతారంట. మెట్లున్న గ్రౌండంట." పిల్ల కళ్లు ఒక్క క్షణం వెలిగాయి. అంతలోనే పెద్దవాళ్లలా నిట్టూర్చింది. "నాయన్ని వదిలి ఎట్టా పోతా? ఆయనకి చేతగాదు."

బయట నాగూర్ గొంతు వినబడింది. సైదాబీ గబుక్కున వంగి తను వేసిన ముడి తనే విప్పేసింది.

బడి తెరిచే రోజు పొద్దున్నే తండ్రీకూతుళ్లు షెడ్డుకొచ్చారు. నాగూర్ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఒంటి మీద ఒక్క దూదిపోగు లేదు. సంచిలో పిల్ల బట్టలు సర్ది తెచ్చాడు. అది చూసి సువార్త మనసు కొంచెం కుదుటపడింది. మేస్త్రి బూట్లు తీసి నాగూర్‌కి ఇవ్వలేదు, పిల్ల ముందు పెట్టాడు.

"వేసుకో తల్లీ."

సైదాబీ కాళ్లు దూర్చింది. వంగింది. వేలు రింగు దాకా వెళ్లింది. అక్కడ ఆగి తల పైకెత్తి తండ్రి మొహం చూసింది. నాగూర్ పెదాలు గట్టిగా అదిమి, సంచిని గుండెకి హత్తుకుని నిలబడి ఉన్నాడు. చేతులు మాత్రం ముందుకు చాచబోయి వెనక్కి తీసుకుంటున్నాయి.

పిల్ల రింగుని వేలితో తాకింది. ఒకసారి లాగినట్టు చేసింది. తర్వాత చెయ్యి వదిలేసింది.

"రావటంలా నాయనా," అంది.

నాగూర్ సంచి కింద పడేసి మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెండు జిప్పులూ సర్రుసర్రున లాగాడు. పిల్ల తూలిపోకుండా కుడిచెయ్యి ఆయన నెత్తిన ఆనించింది. ఆ చెయ్యి అక్కడే ఉంది, జిప్పులు బిగిశాక కూడా. నాగూర్ తలెత్తలేదు. కాసేపటికి లేచి, తడికళ్లతో మేస్త్రి వైపు చూసి నవ్వాడు.

"ఏం చేస్తాం బాబాయ్. దానికి చేతగావటంలా. పై ఏడు చూద్దాంలే," అన్నాడు.

ఆ నవ్వు సువార్తకి తెలుసు. ఎక్కడా చూడలేదు గానీ తెలుసు. ఇన్ని నెలలుగా ఫోను పక్కన పెట్టుకుని ఆమె ఎదురుచూస్తున్న రోజు వస్తే, తన మొహం మీదికి రాబోయేది అచ్చం అదే నవ్వు.

తండ్రీకూతుళ్లు బస్టాండు వైపు కాకుండా ఇంటివైపు తిరిగారు. కొత్త బూట్లు చక్కగా కుదిరాయి ఆ కాళ్లకి. సందు మలుపు తిరిగేదాకా సువార్త చూస్తూ నిలబడింది.

"ఒక్క మాట అనకపోయారా!" ఆమె మేస్త్రి మీద విరుచుకుపడింది. "మీరొక్క మాట అనుంటే ఆ పిల్ల పోయేది. దానికి వచ్చు. నా కళ్లతో నేను చూశా. సీటు పోయింది. ఇంకొకళ్లు పోతారు ఆ బడికి."

"అనకేం, అన్నాను," అన్నాడు మేస్త్రి. "బూటు బాగుచేసి ఇచ్చినప్పుడల్లా అన్నాను. దూది కూరి, తాడు కోసి ఆయనా జవాబు చెప్తానే వచ్చాడు."

"మరి పిల్ల?"

మేస్త్రి బల్ల మీది తోలుముక్కలు చేత్తో ఒకచోటికి ఊడ్చాడు. మొహం బాగా వాడిపోయి ఉంది. "పిల్ల చెప్పే జవాబు ఇట్టా ఉంటదని నేననుకోలా," అన్నాడు చివరికి. "ఆ లెక్క నాకు తప్పింది."

షెడ్డులో ఎవరూ కుట్టడం లేదు. బయట బడిబస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. సువార్త పీట మీద కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. తను ఎత్తని ఫోన్లన్నీ ఆ వీధి చివర ఒకేసారి మోగుతున్నట్టనిపించింది. నేను చూసుకుంటాలే అన్న పిల్ల, అక్క ఎత్తడం లేదని తెలిశాక, ఆ హాస్టలు గదిలో తనకి వచ్చినదేది దాచుకుని ఉంటుందో, ఏది రానట్టు నటించాలని చూసి ఉంటుందో. లేక ఏమీ అనుకోకుండా, అక్కకి నాతో పని తీరిపోయింది కాబోలు అని ఊరుకుని ఉంటుందో.

ఆమె లేచి చేతులు ఏప్రానుకి తుడుచుకుంది.

"నేను బయటికెళ్లి ఒక ఫోను చేసుకొస్తా మేస్త్రిగారూ."

ఎవరికని ఆయన అడగలేదు. ఆమె గుమ్మం దాటబోతుంటే మాత్రం, తలెత్తకుండానే అన్నాడు:

"ఎట్టా ఉన్నావని అడగమాక. నువ్వెట్టా ఉన్నావో చెప్పు."