ఒప్పుకోనివారు మాట్లాడండి

రాజధాని నుంచి తిరిగివచ్చిన భిక్షువు విధికుడి కాళ్ళు ఆ ఉదయం నేల మీద ఆనడం లేదు. కృష్ణ ఒడ్డున కొండ మీదున్న విహారానికి మెట్లన్నీ గబగబా ఎక్కేసి, ఎదురుపడ్డ ప్రతి భిక్షువుకీ అడక్కుండానే సంగతి చెప్పుకుంటూ గురువుగారి గది చేరాడు.

గురువు ధర్మనంది స్థవిరుడు కిటికీ దగ్గర కూర్చుని చిరిగిన చీవరం కుట్టుకుంటున్నాడు.

“భంతే, దేశానికి ప్రణాళిక సిద్ధమైంది” అన్నాడు విధికుడు.

రాజుగారికి ఆ ఏడు ఒక పెద్ద కోరిక పుట్టింది. బాటలు, చెరువులు, సత్రాలు, వైద్యశాలలు, రేవులు ఎక్కడెక్కడ కావాలో దేశమంతటికీ ఒక్కసారే ఆలోచించి, రాతి మీద చెక్కించి, ఆ ప్రకారం కట్టించాలని. మంత్రులేమో ఎవరి ఊరివైపు వాళ్ళు లాగుతున్నారు. ఏ ఊరూ తనది కాని మనిషి కావాలని విహారం నుంచి విధికుణ్ణి పిలిపించాడు. విధికుడు తెలివైనవాడు, నిజాయితీపరుడు. ఆ రెండు గుణాలూ తనకున్నాయని బాగా తెలిసినవాడు కూడా.

“ఇంతవరకూ ఎవరూ చేయని పని చేశాను భంతే. వర్తకుల్నీ భూస్వాముల్నీ మాత్రమే కాదు, గొర్రెల కాపర్లని, కుమ్మరుల్ని, ఆఖరికి లంకవాళ్ళని కూడా సభకు పిలిపించాను.”

లంక అంటే కొండకు ఎదురుగా ఏటి మధ్య మేట వేసిన దిబ్బ. తుంగ కోసి చాపలు అల్లుకునే కుటుంబాలు కొన్ని అక్కడ గుడిసెలు వేసుకుని బతుకుతున్నాయి. ఏరు పొంగితే అన్నీ వదిలి పరుగెత్తడం, తగ్గాక వచ్చి మళ్ళీ వేసుకోవడం వాళ్ళకు అలవాటే. ప్రణాళిక ప్రకారం ఆ లంక మీద పెద్ద రేవు వస్తుంది. లంకవాళ్ళకు దూరంగా మెట్ట మీద పెంకుటిళ్ళు కట్టించి ఇస్తారు.

“వాళ్ళేమన్నారు?” అని అడిగాడు గురువు, సూది ఆపకుండానే.

“ఒప్పుకున్నారు. మన సంఘం పద్ధతిలోనే అడిగాను. మొత్తం చదివి వినిపించి, ‘ఒప్పుకున్నవారు మౌనంగా ఉండండి, ఒప్పుకోనివారు మాట్లాడండి’ అని మూడుసార్లు అన్నాను. ఒక్కరు నోరు విప్పితే ఒట్టు!”

విహారంలో ఏ నిర్ణయమైనా అలాగే జరుగుతుంది. మూడుసార్లు అడిగాక ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారమని లోకం ఎటూ అంటుంది. మనవాడు ఆ మిగతా సగం కూడా తనే కలిపేసుకున్నాడు.

“పున్నమినాడు శిల్పి చెక్కడం మొదలుపెడతాడు భంతే. రాతి మీదికి ఎక్కాక ఇక మార్చడానికి ఉండదు. మీ ఆశీర్వాదం కోసం వచ్చాను.”

గురువు దారం కొరికి సూది పక్కన పెట్టాడు.

“ముందు భోజనానికి లే. పొద్దెక్కుతోంది.”

ఆ రోజు ఎవరో భక్తురాలు విహారానికి పరమాన్నం పంపింది. విధికుడికి పరమాన్నమంటే ప్రాణం. అన్నీ వదులుకుని సన్యసించినవాడికైనా ఒకటో అరో మిగిలిపోతాయి కదా. భిక్షువులందరూ వరసగా కూర్చున్నారు. గురువు తానే వడ్డనకు దిగి, విధికుడి పాత్రలో పరమాన్నం దండిగా వడ్డించాడు. విధికుడు ఆబగా పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది ఇంకా చురచుర కాలుతోంది.

సరిగ్గా అప్పుడు గురువు కాకరకాయ పులుసు గిన్నె పట్టుకుని అతని ముందుకొచ్చి నిలబడ్డాడు.

“విధికుడి పరమాన్నంలో ఈ కాకరకాయ పులుసు పోయబోతున్నాను. ఒప్పుకున్నవారు మౌనంగా ఉండండి. ఒప్పుకోనివారు మాట్లాడండి.”

నోట్లో ముద్ద ఉండగా భిక్షువు మాట్లాడకూడదు. అది నియమం. విధికుడు కళ్ళు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపాడు. గురువు గరిటె వైపే చూస్తూ రెండోసారి అన్నాడు. విధికుడు ముద్ద మింగబోయాడు, నాలుక చుర్రుమంది. మూడోసారి కూడా అని, గురువు తీరుబడిగా పులుసు పోసేశాడు.

“భంతే!” అన్నాడు విధికుడు ఎలాగో మింగి, కళ్ళనీళ్ళతో. “నా నోట్లో అన్నం ఉంది!”

“అలాగా! నువ్వు ఒప్పుకున్నావనుకున్నాను నాయనా” అన్నాడు గురువు. తర్వాత మెల్లిగా, “మరి లంకవాళ్ళ నోట్లో ఏముంది?” అని అడిగి పక్క పాత్ర దగ్గరికి వెళ్ళిపోయాడు.

వరసంతా నవ్వింది. విధికుడికి నవ్వు రాలేదు. భిక్షాన్నం పారేయకూడదు కాబట్టి ఆ తీపినీ చేదునీ కలిపి ఆఖరి మెతుకు దాకా తిన్నాడు. ఆశీర్వాదం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే భిక్షాపాత్ర పట్టుకుని పడవ ఎక్కి లంకలో దిగాడు. విహారం నుంచి ఎవరూ ఎప్పుడూ అక్కడికి భిక్షకు వెళ్ళలేదు. లేనివాళ్ళను ఇబ్బంది పెట్టడమెందుకని వీళ్ళనుకునేవారు. మన చేతి కూడు సాములు తినరని వాళ్ళనుకునేవారు. అందుకే విధికుణ్ణి చూడగానే లంకంతా అల్లుతున్న చాపలు వదిలేసి చుట్టూ మూగింది.

వచ్చిన పని తొందరలో విధికుడు నిలబడే అడిగేశాడు, “మెట్ట మీదికి పోవడం మీకు ఇష్టమేనా?” అని. అందరూ చేతులు కట్టుకుని నేల చూపులు చూశారు. మళ్ళీ అదే మౌనం.

కొమ్మక్క అనే ముసలమ్మ మాత్రం గుడిసెలోకి వెళ్ళి జొన్న అంబలి తెచ్చి పాత్రలో పోసింది. విధికుడు ఇంకేం చేయాలో తోచక, ఆమె గుమ్మం ముందు కూర్చుని తాగసాగాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భయపడుతూ అడిగింది.

“ఉప్పు సరిపోయిందా సామీ?”

భిక్షువు రుచులు ఎంచకూడదు. అలాగని అబద్ధమూ ఆడకూడదు. విధికుడు క్షణం తటపటాయించి, “కొంచెం తగ్గిందమ్మా” అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కొమ్మక్క బిత్తరపోయి, ఆ వెంటనే పగలబడి నవ్వింది.

“మా ఇంటాయన బతికున్నన్నాళ్ళూ ఆ మాట అనే సాహసం చెయ్యలా!”

అందరూ గొల్లుమన్నారు. ఎవరో పరుగెత్తి ఉప్పు తెచ్చారు. కొమ్మక్క అది పాత్రలో వేసి, అక్కడే ఎదురుగా చతికిలబడింది.

“మీరు మాట దాచలా సామీ. మరి మేవూ ఒకటి చెప్పొచ్చా?”

“చెప్పమ్మా.”

“మేం మెట్టకి పోం. ఇళ్ళు మంచియ్యే కడతారంట, కాదన్ను. అక్కడ ఏటి చప్పుడుండదు. పుట్టినకాణ్ణుంచీ అది యింటానే నిద్రపోతన్నా. ఇప్పుడీ వయసులో నాకు నిద్రెట్టా పడద్ది?”

“మరి సభలో ఎందుకు చెప్పలేదు? మూడుసార్లు అడిగానే!”

“చెప్పబోయా సామీ. మేమంతా ఎనక తలుపు కాడ నిలబడ్డాం గదా. మీరు మూడోసారి అడిగినప్పుడు నోరు తెరిచా. అంత మంది పెద్దోళ్ళని చూసి గొంతెండిపోయి, మాట కన్నా ముందు దగ్గొచ్చింది. పక్కనున్న భటుడు ‘ఉష్’ అన్నాడు. మాట్టాడమంటన్నారో, నోరు ముయ్యమంటన్నారో తెలవక ఊరుకున్నా.”

విధికుడికి ఆ దగ్గు గుర్తుంది. గంభీరంగా సాగుతున్న చోట ఎవరిదీ దగ్గు అని అప్పుడు విసుక్కున్నాడు కూడా. ఇప్పుడు సిగ్గుతో అతని తల పాత్ర మీదికి వాలిపోయింది.

అంబలి తాగి, నేరుగా రాజధానికి వెళ్ళి, ఈ పని చూస్తున్న మంత్రి కాళ్ళూ వేళ్ళూ పట్టుకున్నంత పని చేశాడు. సభ మళ్ళీ పెట్టాలి. ఈసారి లంకలో. భటులు ఒడ్డునే ఆగాలి. మంత్రి సణిగాడు గాని, వచ్చాడు. మంచివాడే పాపం. పున్నమి దగ్గరపడుతోందని, సంగతి తేలగానే చెక్కబోయే గుర్తులు గీయించడానికి శిల్పిని కూడా పడవలో వెంటబెట్టుకొచ్చాడు. ధర్మనంది స్థవిరుడు పిలవకుండానే వచ్చి ఒక గుడిసె నీడన కూర్చున్నాడు.

కొత్త తుంగచాపలు పరిచారు. మంత్రీ లంకవాళ్ళూ అందరూ ఒకే ఎత్తున కూర్చున్నారు. విధికుడు ఒక్కడే నిలబడ్డాడు.

“లంకవాళ్ళ మాట నేను విన్నవిస్తాను” అని మొదలుపెట్టాడు. ఎంత బాగా చెప్పాడో! ఏటి చప్పుడు గురించి, తుంగ గురించి, వరద తగ్గిన ప్రతిసారీ మళ్ళీ లేచే గుడిసెల గురించి చెబుతుంటే మంత్రి కళ్ళు చెమర్చాయి.

“సరే స్వామీ. రేవు దిగువ మలుపులో కడదాం. ఇష్టం లేకుండా ఇక్కణ్ణుంచి ఒక్కరినీ కదిలించం. ఇది నా మాట.”

కొమ్మక్క రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. విధికుడి గుండె నిండిపోయింది. గురువుగారు చూశారా లేదా అని అటు తిరిగాడు.

“సామీ, అది మా అత్త మాట” అని ఒక గొంతు వినపడింది. “నా మాట వేరే.”

కొమ్మక్క కోడలు బుచ్చి, బిడ్డను చంకనేసుకుని వెనక వరసలో లేచి నిలబడింది.

“నేను మెట్టకి పోతా. అక్కడ వైద్యశాల కడతారంట గదా? పోయిన వరదకి వీడికి జొరమొస్తే, ఏరు దాటలేక రాత్రంతా చెట్టెక్కి కూకున్నా. ఆ చప్పుడు మా అత్తకి నిద్ర పట్టిస్తదేమో, నాకు వణుకు పుట్టిస్తది. నాకు పెంకుటిల్లు కావాల.”

“ఓసినీ! నన్నొదిలేసి పోతావటే?” అంది కొమ్మక్క.

“నువ్వూ రా అత్తా. రానంటే పండక్కీ పబ్బానికీ నేనే వస్తా.”

ఇంకొకడు లేచి తనకు ఇల్లొద్దు గాని మంచి పడవొకటి కావాలన్నాడు. ఒక తాత మెట్టకైతే పోతాను గాని, మేకలున్నవాళ్ళ పక్కన మాత్రం ఉండనన్నాడు. మేకలున్నవాళ్ళు ఊరుకుంటారా? లంకంతా ఒక్కసారి గొంతు విప్పేసరికి తుంగలో కొంగలు లేచిపోయాయి. మంత్రి నుదురు పట్టుకున్నాడు.

విధికుడు దిక్కు తోచక గురువు దగ్గరికి వచ్చాడు.

“భంతే, మొన్న ఒక్కరూ మాట్లాడలేదు. ఇవాళ ఒకరికొకరికి పొసగడం లేదు. ఇందులో లంకవాళ్ళ మాట ఏది?”

గురువు ఆ గోలను చెవులారా వింటున్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

“లంకకి ఒక్కటే నోరనుకున్నావా నాయనా?”

విధికుడు వెనక్కి వెళ్ళి, ఈసారి నిలబడకుండా చాప అంచున కూర్చున్నాడు. కాస్త జరిగి పక్కన చోటు చూపించాడు. బుచ్చి ముందుకొచ్చి, బిడ్డను ఒళ్ళో వేసుకుని, మంత్రికి ఎదురుగా కూర్చుంది.

పడవలోంచి శిల్పి కేకేశాడు, “సామీ, ఏం గీయమంటారు?”

“ఉలి పక్కన పెట్టి రావయ్యా” అన్నాడు విధికుడు. “వీళ్ళిప్పుడే మొదలుపెట్టారు.”