కర్పూరం వాసన

హైమవతికి ఆ మధ్యాహ్నం కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నిండు చూలాలు ఖైరూన్ ఆ రోజూ పిడికిళ్లు బిగించుకునే ఇంటికి వెళ్లిపోయింది.

ఆశ్రమానికి వచ్చే గర్భిణులకు ఊపిరి వదలడం, ఒళ్లు సడలించడం నేర్పే పని వకుళమ్మ తన శిష్యురాలు హైమకు అప్పగించింది. పాపం, హైమ ప్రాణం పెట్టే చేస్తోంది. కిటికీలు మూసి, కాస్త కర్పూరం వెలిగించి, మెల్లగా మాట్లాడుతుంది. అందరూ హాయిగా కళ్లు మూసుకుంటారు. ఖైరూన్ ఒక్కతే కొయ్యబారిపోతుంది.

"మొండిఘటం అమ్మా! వాళ్లక్క కాన్పులోనే పోయింది. ఈమె ఇట్లా బిగుసుకుంటే రేపు నొప్పులెట్లా తట్టుకుంటుంది? నా వల్ల కాదు" అంది హైమ.

వకుళమ్మ ఒకసారి గదిలోని గాలి పీల్చింది. చాప పరిచింది.

"పడుకో. ఒళ్లు వదిలెయ్."

ఇదేం పెద్ద పనన్నట్టు హైమ వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంది. అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. ఆముదం వాసన వచ్చింది. తల తిప్పి చూస్తే తలాపున ప్రమిద వెలుగుతోంది.

నిరుడు అమ్మను నేల మీదికి దించి, తలాపున ఇట్లాగే దీపం పెట్టారు.

"ఊఁ, ఒళ్లు వదులు" అంది వకుళమ్మ.

హైమ పిడికిళ్లు బిగుసుకున్నాయి. ఊపిరి ఆడలేదు.

"తీసెయ్యండమ్మా! మీకు దణ్ణం పెడతా, తీసెయ్యండి!"

వకుళమ్మ ప్రమిదను బయట పెట్టి వచ్చింది.

"వాళ్లలో ఆఖరి స్నానం చేయించాక ఒంటికి కర్పూరం రాస్తారు. అక్కకు రాస్తుంటే ఖైరూన్ చూసింది. నీకు నోరుంది కాబట్టి తీసెయ్యమన్నావు. ఎందుకట్లా బిగుసుకుంటున్నావని ఆమెను ఒక్కనాడైనా అడిగావా?"

హైమ సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది. కర్పూరం వాసన పోలేదు. మళ్లీ కడుక్కుని ఖైరూన్ ఇంటికి నడిచింది.

ఖైరూన్ గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది.

"తప్పు నాదే ఖైరూన్. ఇంకెప్పుడూ కర్పూరం వెలిగించను. నీకు ఎట్లా పడుకుంటే హాయిగా ఉంటుందో చెప్పు."

ఖైరూన్ కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"మా అక్క పక్కన పడుకుంటే నిద్ర పట్టేదమ్మా" అంది.

హైమవతి చాప మీద ఓ వారగా పడుకుని, రెండో పక్క ఖాళీగా ఉంచింది.