నర్సవ్వ వేళ్ల పాఠం

బీడీలు చుట్టే నర్సవ్వనూ, ఆమె దగ్గర చదువుకున్న ముగ్గురు ఆడపిల్లలనూ దొంగలన్నారు. ఎప్పుడంటారా? బడికి గంట లేదని రైలుపట్టా ముక్క కొట్టే కాలంలో. వింటే వినండి, లేదంటే చెవులు మూసుకోండి. నేను మాత్రం చెప్తాను.

నర్సవ్వకు ఇంగ్లీషు ఒక్క అక్షరం రాదు. అయినా వాడకట్టు ఆడపిల్లలకు ఇంగ్లీషు నోటికి పట్టించింది. బడి విడిచాక వాళ్లు ఆమె అరుగు మీద చాటలు ముందేసుకుని బీడీలు చుట్టేవాళ్లు. ఆనాటి బడి పాఠాన్ని నర్సవ్వ ఆ పనికే జతచేసేది. ఆకు అందుకుంటే ‘గో’. తంబాకు పోసి చుడితే ‘వెంట్’. దారం కడితే ‘గాన్’. ఆకు, చుట్టు, దారం. ఆకు, చుట్టు, దారం.

“తప్పు చెప్తే నాకు తెల్వది బిడ్డా, ఆగితే తెలుస్తది,” అనేది. ఆగిన పిల్లను “ఏందే, దారం తెగిందా?” అని గిల్లేది.

ఏడో తరగతి పరీక్షలో శంకరమ్మ, పోసాని, సుగుణలకే ఇంగ్లీషులో అందరికన్నా ఎక్కువ మార్కులు. ఇంగ్లీషు సారు కొడుకు తప్పాడు. సారుకు కడుపు మండదా మరి!

“తంబాకు కంపు చేతులకు ఇన్ని మార్కులా? కాపీ కొట్టిన్రు. అందరి ముందు మళ్లీ అడుగుతా. చెప్పలేకపోతే బడిలో పేర్లు కొట్టేస్తా.”

అడిగాడు. ఊరి పెద్దమనుషులు, నర్సవ్వ, వాడకట్టంతా బడి ముందు కూర్చున్నారు. పిల్లలు చెప్తుంటే వాళ్ల వేళ్లు గాలిలోనే బీడీలు చుట్టాయి.

“అదిగో, నర్సవ్వ నేర్పిన దొంగ సైగలు!” అని సారు ముగ్గురి చేతులూ వెనక్కి కట్టించాడు.

శంకరమ్మను అడిగాడు. మాట రాలేదు. పోసానిని అడిగాడు. మాట రాలేదు. సుగుణను అడిగాడు. ఏడ్చింది. పెద్దమనుషులు మీసాలు సవరించుకున్నారు. అంతకన్నా ఏం చేతనవుతుంది వాళ్లకు!

నర్సవ్వ లేచి సారు చేతిలో బెత్తం గుంజుకుంది.

“ఇప్పుడు నువ్వు చెప్పు సారూ, ఇదే పాఠం.”

బెత్తం లేని చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో సారుకు తెలియలేదు. మొదటి మాట చెప్పాడు. రెండోది నమిలాడు. మూడోది మింగాడు.

“నీ చదువు బెత్తంల ఉన్నది. నా పిల్లలది వేళ్లల్ల ఉన్నది. తప్పేంది?” అంటూ నర్సవ్వ పిల్లల చేతుల ముడులు పళ్లతో విప్పింది.

ఆకు, చుట్టు, దారం. ముగ్గురూ గడగడా అప్పజెప్పారు.

“కాపీ కొట్టలేదని హాజరు పట్టీలో రాయి. తేదీ వెయ్యి. నాకు చదవరాకపోతే ఏంది, వీళ్లు చదువుతరు.”

సారు రాశాడు. ఎర్ర సిరాతో రాశాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో పరీక్షకు పోయే పిల్లతో తల్లి “వేళ్లు ఆడించుకో బిడ్డా, నర్సవ్వ ఉన్నది” అంటుంది. ఏటా ఒక్కరోజు ఆడవాళ్లు బీడీల పని ఆపి చాటలు బోర్లించి కూర్చుంటే, పిల్లలు వాడంతా వినేలా పాఠం అప్పజెప్తారు.

నర్సవ్వ పుట్టిన రోజు ఎవరూ రాయలేదు. దగ్గి దగ్గి పోయిన రోజూ రాయలేదు. బీడీలు చుట్టేదాని తేదీలు ఎవడు రాస్తాడు? కాగితం మీద ఉన్నది ఒక్క తేదీ, ఆమె సారు చేత రాయించింది, ఏటా చాటలు బోర్లించే రోజు: ఏప్రిల్ ఇరవై మూడు.