దొరగారి వెచ్చటి గాలి

ఊరి పేరుతో మనకు పనిలేదు. అక్కడి దొరగారు కరెంటు పోయినా తన మేడ వెలగాలని పెద్ద జనరేటర్ తెప్పించారు. బిగించే పని మెకానిక్ నూకరాజుది.

"పొగ గొట్టం వెనక వీధిలోకి తిప్పరా" అన్నారు దొరగారు.

ఆ వీధిలో గొట్టం వచ్చే చోటికి ఎదురుగానే నూకరాజు అక్క ఇల్లు. ఆమెకు ఉబ్బసం.

"జనం ఉక్కిరిబిక్కిరి అవుతారయ్యా. మేడ మీదుగా పైకి లేపుతాను."

"నా గోడ నల్లబడాలా? అది పొగ కాదురా, ఒట్టి వెచ్చటి గాలి. చెప్పింది చెయ్యి!"

నూకరాజు అలాగే బిగించాడు. ప్రారంభం రోజున దొరగారి కుర్చీ మాత్రం వెనక వీధిలో, గొట్టం మూతి ముందు వేశాడు. ఊరంతా చేరింది.

"ఇక్కడెందుకురా?"

"పొగ రంగు చూస్తేనే ఇంజను బాగోగులు తెలుస్తాయయ్యా. యజమాని అరగంట చూసి సరేనంటేనే తాళం అప్పగిస్తాను. అయినా వెచ్చటి గాలేగా!"

అందరి ముందూ కాదనలేక దొరగారు కూర్చున్నారు. ఇంజను గుర్రుమంది. నల్లటి పొగ కమ్మేసింది. రెండు నిమిషాలకే ఆయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతూ లేచారు.

"ఆపరా! గొట్టం పైకి తిప్పు!"

"తిప్పుతానయ్యా. ముందు వీళ్లందరికీ చెప్పండి, అది గాలా, పొగా?"

"పొగేరా, పొగే!"

సాయంత్రానికల్లా గొట్టం మేడను దాటి పైకి లేచింది. ఆ రాత్రి ఇంజను నడుస్తున్నా అక్క ఇంటి కిటికీ తెరిచే ఉంది.