గోళ్లరంగు గీత

రేపల్లెలో అంకినీడు అనే డ్రిల్లు మాస్టారు ఉండేవాడు. తన వల్ల జరిగిన ఏ పొరపాటునూ తన దగ్గర ఉంచుకోకుండా వెంటనే ఎవరో ఒకరి నెత్తిన పెట్టేసేవాడు. పాలు పొంగిపోతే భార్య శేషారత్నం మాటల్లో పెట్టిందనేవాడు. బడికి ఆలస్యమైతే గడియారాన్ని తిట్టేవాడు. అంతకు మించి చెడ్డవాడు కాదు. పిల్లలకు ఆయన మాట మీద గురి ఎక్కువ.

ఒక ఏడు ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. ఆ జ్వరం సంగతి మీకు తెలియదు. అప్పట్లో ఇరవై ఒక్క రోజులు పెసరకట్టు మీద ఉంచేవారు; లేచేసరికి మనిషి చిలక్కొయ్యకు తగిలించిన చొక్కాలా ఉండేవాడు. అంకినీడూ అలాగే లేచాడు. లేచిన నాలుగో రోజే సైకిల్ ఎక్కి మూడు మైళ్ల దూరంలోని బడికి బయలుదేరాడు. సగం దారిలోనే భుజాలు బరువెక్కాయి. మెడ కింద మేకు దిగినట్టు నొప్పి.

బడికి ఎదురుగా మీరావలి సైకిల్ షాపు ఉండేది. బడి పిల్లల సైకిళ్లే అతనికి బతుకు. సాయంత్రం గాలి కొట్టించుకోవడానికి ఆగిన అంకినీడును అతను ఎగాదిగా చూశాడు.

“మాస్టారూ, నడుంలో ఇంకా సత్తువ రాలేదు మీకు. అందుకే ఒంటి బరువంతా చేతుల మీద పడేస్తున్నారు. భుజాలు లాగుతున్నాయా?”

“లాగడానికి నేనేమన్నా ముసలాణ్నా?”

మీరావలి నవ్వాడు. హ్యాండిల్‌ను రెండు వేళ్ల ఎత్తు లేపి బిగించాడు. సీటు కాస్త ముందుకు జరిపాడు. తర్వాత కూతురి గోళ్లరంగు సీసా తీసి హ్యాండిల్ కాడ మీద ఎర్రగా ఒక గీత గీశాడు. ఎవరి సైకిల్ ఎంత ఎత్తున బిగించాడో గుర్తుండటానికి అతను అలా గీసేవాడు.

“మోచేతులు కాస్త వంచి పట్టుకోండి. పిడుల్ని పిసకొద్దు. దారిలో రెండుసార్లు దిగి భుజాలు తిప్పండి. పది రోజులు పోతే మళ్లీ దించుకుందాం.”

మర్నాడు నిజంగానే హాయిగా ఉంది. కానీ బడి గేటు దగ్గర లెక్కల మాస్టారు పరబ్రహ్మం ఆపాడు.

“ఏం అంకినీడూ, ఊరేగింపులో పెళ్లికొడుకులా నిటారుగా కూర్చున్నావు. బాజాలేవి?”

పిల్లలు నవ్వారు. ఆ సాయంత్రమే అంకినీడు ఇంట్లో పానా తీసి హ్యాండిల్ దించేశాడు, మునుపటికన్నా ఇంకో వేలు కిందికి. ఎర్రగీత గొట్టం లోపలికి పోయింది.

“అతను కష్టపడి ఎత్తితే మీరు దించడమెందుకండీ?” అంది శేషారత్నం.

“నువ్వు పొయ్యి సంగతి చూసుకో.”

మూడు రోజులు దారిలో దిగకుండా తొక్కాడు. నాలుగో రోజు ప్రార్థన అయ్యాక “చేతులు పైకి” అని కేక పెట్టాడు. మూడు వందల మంది చేతులు లేచాయి. ఆయనవి రొమ్ము దాటలేదు. పిల్లలు చేతులెత్తుకుని అలాగే చూస్తున్నారు.

“ఆ మీరావలి నా సైకిల్ పాడుచేశాడు,” అన్నాడు అంకినీడు. “అతని చేతిలో పెడితే ఇంతే.”

వారం తిరిగేసరికి మీరావలి షాపు ముందు ఒక్క సైకిల్ లేదు. పరబ్రహ్మానికి ఇది నచ్చలేదు. వేళాకోళం మనిషే గాని న్యాయం తెలిసినవాడు.

“ఎదురుగా అడక్కుండా పేరు చెడగొడితే ఎలా? పద, అడుగుదాం,” అని అంకినీడును సైకిల్‌తో సహా లాక్కెళ్లాడు. వెనక పదిమంది పిల్లలు చేరారు.

మీరావలి శుభ్రంగా ఉన్న పంపునే మళ్లీ తుడుస్తున్నాడు. లేచి నట్టు వదులుచేశాడు. నట్టు మీద వేరే పానా చేసిన కొత్త గాట్లున్నాయి. హ్యాండిల్ లేపితే ఎర్రగీత మెల్లగా బయటికొచ్చింది. అతను తలెత్తి అంకినీడు మొహంలోకి ఒక్కసారి చూశాడు. అంకినీడు చూపు నేల మీదికి దించాడు.

“ఏమిటయ్యా తప్పు?” అన్నాడు పరబ్రహ్మం.

“నేనే సరిగా బిగించలేదేమోనండి. జారినట్టుంది.” గీత దగ్గర ఆపి గట్టిగా బిగించాడు మీరావలి. “మాస్టారూ, మోచేతులు వంచడం మర్చిపోకండి.”

అంకినీడు మూడు మైళ్లూ సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాడు. దాన్ని ఎక్కడానికి ఆయనకు మొహం చెల్లలేదు. అన్నం ముందు కూర్చుని, “జారలేదు రత్నం. నేనే దించాను,” అన్నాడు.

“నాకు తెలుసుగా. తెలియనివాళ్లకు చెప్పండి,” అంది ఆవిడ.

మర్నాడు ప్రార్థన అయ్యాక ఆయన పిల్లల ముందు నిలబడ్డాడు. “మీరావలి తప్పేం లేదు. హ్యాండిల్ దించింది నేను. నింద వేసిందీ నేనే.”

మైకు అక్కర్లేని గొంతు ఆయనది. ఆవేళ వెనక వరసల్లోంచి, “వినపడలేదు మాస్టారూ,” అన్నారు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి మరీ కష్టమైంది.

సాయంత్రం షాపు ముందు పదకొండు సైకిళ్లున్నాయి. అంకినీడు పిల్లల వెనకే వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చినా తల ఎత్తలేకపోయాడు.

“నిన్ననే కదండీ మళ్లీ ఎత్తాను, పది రోజులు కావాలి. ఇప్పుడే దించను,” అన్నాడు మీరావలి.

“నువ్వు ఎప్పుడంటే అప్పుడే,” అన్నాడు అంకినీడు.

జబ్బుపడి లేచిన మనిషి నలుగురి సాయం తీసుకుంటే పరువు పోదు. తన తప్పును మరొకరి మీదికి నెట్టినప్పుడే పోతుంది, దాన్ని తన నోటితో ఒప్పుకుంటేనే తిరిగి వస్తుంది.