ముత్యాలవ్వ ఎదలోని బడి

ఒకప్పుడు ముసలివాళ్ళు జబ్బులను లెక్కే చేసేవాళ్ళు కాదు. తొంభై ఏళ్ళ తాత మంచులో నానుతూ మంచె మీద కూర్చున్నా ఒక్క తుమ్మయినా తుమ్మేవాడు కాదు.

ఎందుకంటే పెద్దవాళ్ళ రొమ్ము ఎముక వెనక ఒక చిన్న బడి ఉండేది. అందులో మెల్లగా మాట్లాడే ఒక పంతులమ్మ. ఒంటికి కాపలా కాసే బుల్లి బంట్లకు ఆవిడే పాఠం చెప్పేది. "వీళ్ళు మనవాళ్ళు, వాళ్ళు పరాయివాళ్ళు. సరిగ్గా చూసుకోండి!" చదువయిన బంట్లు రోజూ నెత్తుటి వాగులో పడవలెక్కి కాపలాకు వెళ్ళేవాళ్ళు.

పసివాళ్ళకు మాత్రం ఆ బడి ఉండేది కాదు. పెద్దయ్యాకే తెరుచుకునేది. ఈలోగా ఎన్ని ఉయ్యాలలు ఖాళీ అయ్యాయో చెప్పడానికి నాకు నోరు రావడంలేదు.

ముత్యాలవ్వకు మనవరాలు పుట్టింది. ఇంకా పేరయినా పెట్టలేదు. ఒక పొద్దున తెల్లటి మంచు గుమ్మంలోంచి లోపలికి జారింది. దాని వెనకే పడిశం వచ్చాడు, కొత్త చొక్కా తొడుక్కుని. ఏటా చొక్కా మారుస్తాడు, జిత్తులమారి!

"నీ జోలికి రానులే అవ్వా. నీ బంట్లు నన్ను గడపలోనే పట్టేస్తారు. నాకు ఆ పిల్ల చాలు," అన్నాడు.

పాప తుమ్మింది. ఒళ్ళు కాలిపోతోంది. అవ్వ పాపను రొమ్ముకు హత్తుకుని, అందరు అవ్వలూ అనే మాటే అంది.

"నా ఆయుష్షు గూడ నువ్వే పోసుకో బిడ్డా!"

పంతులమ్మకు ముద్దుమాటలు తెలియవు. అది ఆజ్ఞ అనుకుంది. పలకలు సర్దుకుని పాప ఎదలోకి దాటి, అక్కడి కొత్త బంట్లకు పాఠం మొదలుపెట్టింది. ముసలి బంట్లు మాత్రం కదల్లేదు. "పడుచుదనం నుంచి ఈమెనే కాస్తున్నాం. మేం రాం," అన్నారు.

మధ్యాహ్నానికి పాప జ్వరం దిగింది. పడిశం అవ్వ వైపు తిరిగాడు. ముసలి బంట్లు కళ్ళు చికిలించి చూశారు. పాత చొక్కా అయితే ఇట్టే పట్టేవాళ్ళు. ఇది వాళ్ళు ఎన్నడూ చూడనిది, చెప్పడానికి పంతులమ్మా లేదు. అవ్వ గట్టిగా తుమ్మింది.

"పొరపాటయింది అవ్వా, తిరిగి రానా?" అని పంతులమ్మ కంగారుగా పిలిచింది.

అవ్వ దుప్పటి కప్పుకుని నవ్వింది. "పొరపాటేంది? నేనన్నదే గదా. ఆడనే ఉండు తల్లీ."

అప్పటినుంచే ఆ బడి పసివాళ్ళ ఎదలో పెద్దగా ఉంటుంది, మనిషి పెరిగేకొద్దీ చిక్కిపోతుంది. ముసలి ఒంట్లో పాత బంట్లే ఎక్కువ, కొత్తవాళ్ళు తక్కువ. అందుకే మిమ్మల్ని రెండ్రోజుల్లో వదిలే పడిశం మీ అవ్వను పదిరోజులు మంచాన పడేస్తాడు. ఆ పదిరోజులూ ఆమె అడిగేది ఒక్కటే: "బిడ్డకు తగ్గిందా?"